లోపలి కుట్టు

వల్పరైసోలో ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను.
కొండ మీద, రేకు గోడల ఇళ్ల వరసలో.
కిటికీలోంచి రేవు క్రేన్లు కనిపిస్తాయి.
ఈ కొండ నడుములన్నీ నాకు తెలుసు:
ఎవరు చిక్కారో, ఎవరు మోస్తున్నారో,
ఎవరింట్లో రాత్రి చెయ్యి లేచిందో కూడా
భుజం కొలిచేటప్పుడు తెలిసిపోతుంది.
కానీ ఇన్నేళ్లలో ఎవరినీ
కోటు తప్ప ఇంకేమీ విప్పమనలేదు.
ఛాతీ చుట్టూ టేపు తిప్పేటప్పుడు
చూపు గోడ గడియారం మీద పెట్టమని
మా అత్త ఎల్సీరా నేర్పింది.
"అంకె వేళ్లతో చదువు, కళ్లతో కాదు" అనేది.

ఆ మే నెల రేవు కూలీల ఊరేగింపుకి
బ్యానరు కుట్టింది నేనే.
ఎనిమిది మీటర్ల పరుపు గుడ్డ,
గాలి పోవడానికి నెలవంక కోతలు.
కుట్టినదాన్ని మొయ్యాలి కదా అని వెళ్లాను.
నీళ్ల ఫిరంగి, పొగ,
ఎవరో చేతిలో పెట్టిన నిమ్మచెక్క,
తర్వాత వ్యాను.

స్టేషన్లో జేబులు ఖాళీ చేయించారు.
రసీదు రాశారు:
తాళంచెవులు రెండు, సుద్దముక్క ఒకటి,
నిమ్మచెక్క ఒకటి, కొలత టేపు ఒకటి.
"దీంతో గొంతు బిగించొచ్చు" అన్నాడు రాసేవాడు,
నవ్వకుండా.

తర్వాత, తలుపు సరిగ్గా మూతపడని గది.
గోడకి అద్దం బిగించిన నియమావళి,
ఏమేం చెయ్యకూడదో వరస నంబర్లతో.
నాలుగో నంబరు మీద
ఎవరి రెయిన్‌కోటో తగిలించి ఉంది.

పాతికేళ్లుండవు ఆమెకి. చేతులకి నీలం తొడుగులు.
"అన్నీ" అంది.
నా బట్టలు నేను కుట్టుకున్నవే.
విప్పుతుంటే లోపలి కుట్లు పైకి తిరిగాయి:
హడావుడిగా వేసిన టాకాలు, రంగు కలవని దారం,
ఎవరు చూస్తార్లే అని వదిలేసినవి.
ముందు వాటికే సిగ్గేసింది నాకు.

గుంజీలు తియ్యమంది. మూడు.
పరుగుపందెం ముందు పిల్లల చేత తీయించేలాంటివి.
యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు.
రెండోదానికి పిక్క పట్టేసి
బల్ల అంచు పట్టుకున్నాను.
"దగ్గండి" అంది.
దగ్గాను.
నాలో ఏం వెతికిందో, ఏం దొరకలేదో
ఏ రసీదులోనూ రాయలేదు.

తెల్లారి డాక్టరు కాగితం మీద
మనిషి బొమ్మ, ముందూ వెనకా.
దెబ్బలున్న చోట గుర్తు పెట్టాలట.
పెన్ను పట్టుకుని చాలాసేపు చూశాను.
ఆ బొమ్మకీ బట్టల్లేవు.
"గాయాలు లేవు" అని ఆయనే రాసుకున్నాడు.

లాయరు మాన్సీయా అడిగాడు:
"తాకిందా?"
లేదు.
"తిట్టిందా?"
లేదు. దయచేసి అని కూడా అంది.
అతని కలం ఆగింది.
కాసేపటికి, "అదీ రాద్దాం" అన్నాడు.

సెప్టెంబరులో ఒకరోజు షాపు గంట మోగింది.
చేతిలో పొట్లం. విప్పితే ఆకుపచ్చ యూనిఫాం ప్యాంటు.
నడుము దగ్గర వదులు చెయ్యాలంది.
నన్ను గుర్తుపట్టలేదు.
బట్టల్లో ఉన్నాను కదా.

"చేతులు ఎత్తండి" అన్నాను.
రోజూ అనే మాటే.
గబుక్కున ఎత్తేసింది, బాగా అలవాటైన మాటలా.
అప్పుడు అద్దంలో నా మొహం చూసింది.
చేతులు దింపడం మర్చిపోయింది.
టేపు మా ఇద్దరి మధ్య వేలాడుతోంది.

"కొలవనా?" అని అడిగాను.
తలూపింది.
గడియారం వైపు తిరిగాను. నాలుగూ పది.
వేళ్లకి ఎనభై తొమ్మిది తగిలింది,
వదులు ఎందుకో కూడా తగిలింది.
"గురువారం రండి. మూడు వేళ్లు ఎక్కువ వదులుతాను,
ముందు ముందు పనికొస్తుంది."
ఏదో అనబోయింది.
గంట మోగింది, తలుపు మూసుకుంది.

ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు.
దీపం కింద ప్యాంటు తిరగేశాను.
సర్కారు కుట్టు. లోపల కూడా నున్నగా,
ఒక్క దారప్పోగు పైకి లేదు.
విప్పడానికి
రాత్రి చాలాసేపు పట్టింది.